బాయి మూతపడే తేదీ ముందు పట్టుకోండి: బొగ్గు, కరెంటు ఊళ్ల పంచాయతీలు కలిసి ప్రణాళిక రాసుకునే పద్ధతి

బెల్లంపల్లి బొగ్గు బాయిలో, అంటే గనిలో, మా నాన్న కోల్ ఫిల్లర్, బొగ్గు ఎత్తి నింపే పని. మా అమ్మ బాయి గేటు దగ్గర ఇడ్లీలు అమ్మేది. బాయి బందైనప్పుడు నాన్న గోల్డెన్ హ్యాండ్‌షేక్ (సొమ్ము తీసుకొని ముందే ఉద్యోగం వదిలే పథకం) తీసుకున్నాడు. ఒక కాగితం వచ్చింది, బ్యాంకులో కొంత సొమ్ము పడింది. అమ్మకు ఏ కాగితమూ రాలేదు. ఎప్పటిలాగే పొద్దున్నే గిన్నె నెత్తిన పెట్టుకొని పోయింది, సగం ఇడ్లీలు మిగిలితే తెచ్చి మాకూ పక్కింటోళ్లకూ పెట్టింది. తర్వాతి వారం పావు గిన్నె కూడా పోలేదు. నెల తిరక్కముందే ఇడ్లీ గిన్నె అటక ఎక్కింది. మస్టర్‌లో అమ్మ పేరు లేదు కాబట్టి ఆమె నష్టం ఎవరి లెక్కలోకీ రాలేదు.

నేను పంచాయతీ శాఖలో గ్రామ కార్యదర్శిగా చేరి, ఈవోపీఆర్డీగా (మండలంలో పంచాయతీల విస్తరణాధికారిగా) పనిచేసి, మండల పంచాయతీ అధికారిగా రిటైరయ్యాను. భూపాలపల్లి వైపు, మంథని వైపు, జైపూర్ వైపు చాలా ఊళ్లు తిరిగాను. ఇప్పుడు హన్మకొండలో ఉంటున్నాను. దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలనలో ఉన్న పంచాయతీలకు 2025 డిసెంబర్‌లో ఎన్నికలు జరిగాక, కొత్త సర్పంచులు ఫోన్ చేస్తున్నారు. "మేడం, మా దగ్గర ఓసీపీ (నేలను పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గని) ఇంకెన్నాళ్లుంటదో తెల్వదు, సోలార్ వస్తదంటున్నరు, మేం ఏం రాసుకోవాలె?" అని అడుగుతున్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. మున్సిపల్ కౌన్సిలర్లకూ పనికొస్తుంది.

ముందుగా ఒక సంగతి మనసులో పెట్టుకోండి. మార్పు సోలార్ ప్యానెళ్లతో మొదలు కాలేదు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఉండేవారు. 1990-91లో తీసిన బొగ్గు రెండు కోట్ల టన్నులలోపే. 2023-24లో ఏడు కోట్ల టన్నులు తీశారు, కార్మికులు మాత్రం నలభై వేల చిల్లరే. భూగర్భ బాయిలు తగ్గి ఓపెన్‌కాస్టులు పెరగడం, మట్టి తీసే పని కాంట్రాక్టుకు పోవడం, యంత్రాలు రావడం దీనికి కారణం. అంటే బొగ్గు పెరుగుతూనే బొగ్గు మీద బతికే ఇళ్లు తగ్గాయి. కాబట్టి "ఇంకా బొగ్గు ఉంది కదా, మాకేం భయం" అని ఏ పంచాయతీ కూడా కూర్చోకూడదు.

రామగుండం చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. 1971లో మొదలైన 62.5 మెగావాట్ల బి-థర్మల్ కరెంటు ప్లాంటు 2024లో ఆగిపోయింది. అదే ఊళ్లో ఎన్టీపీసీ 1600 మెగావాట్ల తెలంగాణ ప్రాజెక్టు 2023-24లో నడకలోకి వచ్చింది. ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద 100 మెగావాట్ల తేలే సోలార్ 2022లో పూర్తయింది. బొగ్గుతో ఎరువు తయారుచేసిన ఎఫ్‌సీఐ (ఎరువుల కార్పొరేషన్) ఫ్యాక్టరీ 1999లో మూతపడితే, అదే చోట సహజవాయువుతో నడిచే ఆర్‌ఎఫ్‌సీఎల్ 2021లో యూరియా తీయడం మొదలుపెట్టింది. ఒక్క ఊరి పొలిమేరల్లో ఒకటి ఆగింది, ఒకటి లేచింది, ఒకటి రూపం మార్చుకుంది. ప్రతిదానికీ వేరే తేదీ, వేరే యజమాని. ఇవన్నీ ఒకే కాగితం మీద పెట్టి చూడాల్సింది స్థానిక సంస్థే. ఆ పని ఇంకెవరూ చేయరు.

మొదటి పని: తేదీ

మీ ఊరి బాయి లేదా ప్లాంటు ఎన్నేళ్లుంటుందో తెలియకుండా ప్రణాళిక రాయకండి. చాయ్ హోటల్ దగ్గర అడిగితే ఒకరు ఐదేళ్లంటారు, ఒకరు ముప్పై ఏళ్లంటారు. కాగితం చూడాలి.

పర్యావరణ అనుమతి కోసం 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది. దానికి కనీసం ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. ఆ కాపీలు కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో పెడతారు. అందులో గని ఆయుష్షు ఎన్నేళ్లో, ఏడాదికి ఎన్ని టన్నులు తీస్తారో, మట్టి గుట్టలు ఎక్కడ పోస్తారో, చివరికి మిగిలే గుంత ఎంత లోతు ఉంటుందో రాసి ఉంటుంది. అనుమతి వచ్చాక ఆ ఉత్తర్వు కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ పరివేశ్ పోర్టల్‌లో దొరుకుతుంది. అనుమతి కాపీ పంచాయతీకి కూడా పంపాలన్నది షరతు. మీ ఆఫీసు బీరువాలో పాత ఫైళ్ల కట్ట కింద అది ఉండి ఉండొచ్చు, ముందు అక్కడ వెతకండి. నేను ఒక ఊళ్లో అట్లాగే దొరకబట్టాను. చెదలు అంచులు తిన్నాయి, మధ్యలో అక్షరాలు మిగిలాయి.

దొరకకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. "గని మైనింగ్ ప్లాన్, మూసివేత ప్రణాళిక, అర్ధ సంవత్సరపు పర్యావరణ నివేదికలు" అని మూడూ పేరు పెట్టి అడగండి. "గని వివరాలు కావాలి" అని రాస్తే రెండు పేజీల పొగడ్త వస్తుంది. ముప్పై రోజుల్లో జవాబు రావాలి.

తేదీ దొరికాక దాన్ని నమ్ముకొని నిద్రపోకండి. ఓపెన్‌కాస్టు విస్తరణ వస్తే ఆయుష్షు పెరుగుతుంది, బొగ్గు తీసే ఖర్చు గిట్టకపోతే ముందే బందవుతుంది. అందుకని రెండు తేదీలు రాసుకోండి, కాగితం చెప్పే తేదీ ఒకటి, దానికి ఐదేళ్ల ముందు తేదీ ఒకటి. ప్రణాళిక ముందు తేదీకి రాయాలి.

ఎవరెవరు కూర్చోవాలి

గని హద్దు పంచాయతీ హద్దును లెక్కచేయదు. ఒక ఓసీపీ గుంత ఒక ఊళ్లో, మట్టి గుట్ట ఇంకో ఊళ్లో, బొగ్గు రోడ్డు మూడో ఊళ్లో, ఉద్యోగులు ఉండే కాలనీ మున్సిపాలిటీలో ఉంటాయి. ఒక్కో పంచాయతీ ఒక్కో దరఖాస్తు పట్టుకొని కలెక్టరేట్‌కు పోతే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. ఒక మండలంలో పక్కపక్కనే ఉన్న ఐదు ఊళ్లు గనుల నిధి కింద ఐదు కమ్యూనిటీ హాళ్లు అడిగాయి. ఐదూ వచ్చాయి. రెండేళ్ల తర్వాత పోయి చూస్తే మూడింటికి తాళాలు, ఒకదాంట్లో వడ్ల బస్తాలు. ఆ ఐదు ఊళ్ల పిల్లలు ఐటీఐకి బస్సు లేక చదువు మానేశారు. ఐదు హాళ్లకు పెట్టిన డబ్బులో కొంతతో రెండు బస్సులు తిప్పి ఉండొచ్చు. ఆ ఊళ్లను ఒక్కచోట కూర్చోబెట్టే పని అప్పట్లో నా చేతిలోనే ఉంది, నేను చేయలేదు.

కాబట్టి మండల మ్యాపు తీసుకోండి. గని లీజు హద్దు దాని మీద గీయండి. ఆ గీత తాకిన ప్రతి పంచాయతీ, ఉద్యోగులు కాపురముండే మున్సిపాలిటీ, బొగ్గు లారీలు పోయే దారిలో ఉన్న ఊళ్లు. ఇవన్నీ ఒక గుంపు. మండలం వేరైనా సరే. ఎంపీడీవోను, మున్సిపల్ కమిషనర్‌ను కలిపి పిలవమని అడగండి. ఒక్కో పంచాయతీ నుంచి ఇద్దరు రావాలి, సర్పంచి ఒకరు, సర్పంచికి ఓటేయని వర్గం నుంచి ఒకరు. ఇది నా పట్టుదల. సర్పంచులే వస్తే వచ్చే ఎన్నికల్లో అవతలి వర్గం గెలవగానే కాగితం చెత్తబుట్టలో పడుతుంది. బాయి ఆయుష్షు ఇరవై ఏళ్లు, సర్పంచి పదవి ఐదేళ్లు.

యూనియన్ వాళ్లను పిలవండి. గుర్తింపు సంఘాన్నే కాదు, కాంట్రాక్టు కార్మికుల తరఫున మాట్లాడేవారిని కూడా. మహిళా సంఘాల గ్రామైక్య సంఘం నుంచి ఒకరు. కరెంటు సరఫరా చేసే ఎన్పీడీసీఎల్ ఏఈని (ఇంజినీరును) పిలవండి, ఎందుకో తర్వాత చెప్తాను. కంపెనీ అధికారి రెండో సమావేశానికి రావాలి, మొదటి దానికి వద్దు. మొదటిసారి జనం తమలో తాము మాట్లాడుకోవాలి. ఇక చోటు సంగతి. కంపెనీ గెస్ట్‌హౌస్‌లో పెట్టకండి. ఏసీ గదిలో, బిస్కెట్ల ప్లేటు ముందు, నీళ్లు రావడం లేదని చెప్పడానికి మనవాళ్లకు నోరు రాదు. బడిలో పెట్టండి, ప్రతిసారీ ఒక్కో ఊళ్లో.

ఏజెన్సీ ఊళ్లు ఉంటే 1996 పెసా చట్టం కింద గ్రామసభకు అదనపు బలం ఉంది. భూమి తీసుకునే ముందు సంప్రదించాలి. ఆ ఊళ్ల మాట చివర వినకండి, మొదట వినండి.

గేటు దగ్గర ఒక రోజు

అమ్మ ఇడ్లీల సంగతి మనసులో ఉండే ఈ పద్ధతి మొదలుపెట్టాను. నేను చెప్పేవాటిలో దీన్నొక్కటైనా తప్పకుండా చేయండి.

డిగ్రీ చదివే పిల్లలు నలుగురిని తీసుకోండి. ఒక్కొక్కరికి ఒక నోటుబుక్కు. పొద్దున ఆరు గంటలకు గని గేటు దగ్గర, బొగ్గు లారీల అడ్డా దగ్గర, కాలనీ మార్కెట్ దగ్గర, బస్టాండు దగ్గర ఒక్కొక్కరిని కూర్చోబెట్టండి. రాత్రి షిఫ్టు దిగేవాళ్లు, మొదటి షిఫ్టు ఎక్కేవాళ్లు, మధ్యాహ్నం మూడింటి మార్పు, అన్నీ కావాలి. గని వల్ల ఎవరెవరికి పైసలు వస్తున్నాయో రాయడమే వాళ్ల పని. పేరు అడగొద్దు. ఏం పని, ఏ ఊరు, రోజుకు దాదాపు ఎంత, గని బందైతే ఆ పనిలో ఎంత మిగులుతుంది అని నాలుగే ప్రశ్నలు.

మొదటిసారి చేయించినప్పుడు పిల్లలు తెచ్చిన నోటుబుక్కులు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. చాయ్, టిఫిన్, ఆటోలు రాస్తారని నాకు తెలుసు. కానీ వాళ్లు రాసింది వేరే. బూట్లు కుట్టే ఆయన. పని బట్టలు, ఆ బొగ్గు మసి బట్టలు, మరగబెట్టి ఉతికే చాకలి ఇళ్లు మూడు. టిప్పర్ టైర్లకు పంక్చర్ వేసే కుర్రాళ్లు ఏడుగురు. నెల జీతం రోజు మాత్రమే కాలనీకి వచ్చే గాజులామె. కాలనీలో కిరాయికి ఇచ్చిన గదుల యజమానులు. చిట్టీలు నడిపే ఆమె. థర్మల్ ప్లాంటు బూడిదతో ఇటుకలు చేసే బట్టీ, దాంట్లో ఒడిశా నుంచి వచ్చి పనిచేసే పద్నాలుగు కుటుంబాలు. ప్లాంటు ఆగితే బూడిద ఆగుతుంది, బూడిద ఆగితే ఇటుక ఆగుతుంది. ఇది ఏ ఉద్యోగాల లెక్కలోనూ ఉండదు.

చివరి పేజీలో ఒక పిల్ల ఇట్లా రాసింది: "చాయ్ అమ్మే పెద్దమ్మ నన్నే అడిగింది, బాయి బందైతే మా చాయ్ ఎవరు తాగుతరు బిడ్డా అని. నాకు జవాబు తెల్వలేదు." ఆ పేజీ జిరాక్సు తీసి సమావేశంలో అందరికీ పంచాను. అంతకుముందు గంటసేపు రోడ్ల గురించి కొట్లాడుకున్నవాళ్లు కాసేపు మాట్లాడలేదు.

ఈ లెక్కను మూడు గళ్లలో పెట్టండి. గని బందైన మర్నాడే పోయే పనులు, ఏడాది రెండేళ్లలో సన్నగిల్లే పనులు, గని లేకున్నా నిలిచే పనులు. పత్తి కొనే అడ్డా, కిరాణం, బడి వ్యాను మూడో గడిలోకి వస్తాయి. కొత్త పైసలు పెట్టాల్సింది మూడో గడిని పెంచడానికి. మొదటి గడిలోని మనుషులను అటు తీసుకురావడానికి.

నీళ్ల సంగతి విడిగా రాయండి

బాయిల్లోంచి పంపులు రాత్రీపగలూ నీళ్లు తోడతాయి. ఆ నీళ్లు చాలా చోట్ల చెరువుల్లోకి, కాలువల్లోకి పోతాయి. రైతులు వాటి మీద యాసంగి వరి వేస్తారు. బాయి మూస్తే పంపులు ఆగుతాయి. పంపులు ఆగితే చెరువు ఆగుతుంది. ఉద్యోగం పోయినవాడి పేరు పేపర్లో వస్తుంది, నీళ్లు పోయిన రైతు పేరు రాదు. అందుకని ఏ చెరువుకు బాయి నీళ్లు వస్తున్నాయో, దాని కింద ఎన్ని ఎకరాలో పట్టిక రాయండి. నీటిపారుదల ఏఈ చేత సంతకం పెట్టించండి.

కాలనీల్లో తాగునీళ్లు, వీధి దీపాలు, మురికి కాలువలు, రోడ్లు, దవాఖానా చాలా వరకు కంపెనీ చూస్తుంది. అది పోయినప్పుడు మున్సిపాలిటీ నెత్తిన పడుతుంది. ఒక పట్టణంలో ఇది ముందస్తు మాట లేకుండా జరిగింది. పైపులు ఎక్కడెక్కడ ఉన్నాయో మ్యాపు కూడా చేతులు మారలేదు. ఎండాకాలంలో వాల్వు వెతకడానికి రోడ్డు మూడు చోట్ల తవ్వారు. మీరు అట్లా చేయకండి. గని ఉన్నప్పుడే మ్యాపులు, మోటార్ల బిల్లులు, సిబ్బంది సంఖ్య రాసి తీసుకోండి. ఏ ఏడాది ఏది చేతులు మారుతుందో ఒప్పందం రాసుకోండి. కరెంటు బిల్లు ఎంత వస్తుందో లెక్కేయడానికే ఎన్పీడీసీఎల్ ఏఈని పిలవమన్నది. ఇళ్ల స్థలాల క్రమబద్ధీకరణ జీవో 76 కింద తేలని కాలనీలు ఉంటే ఆ జాబితా కూడా ఇందులోనే పెట్టండి. పట్టా లేని ఇంటికి బ్యాంకు లోను రాదు, లోను లేకుండా దుకాణం లేవదు.

పైసలు ఎక్కడున్నాయి

జిల్లా ఖనిజ నిధి, అదే డీఎంఎఫ్‌టీ, 2015లో గనుల చట్టం సవరణతో వచ్చింది. పాత లీజులకు రాయల్టీలో 30 శాతం, వేలంలో ఇచ్చినవాటికి 10 శాతం ఈ నిధికి కట్టాలి. 2024లో కేంద్రం మార్చిన మార్గదర్శకాల ప్రకారం కనీసం 70 శాతం తాగునీరు, ఆరోగ్యం, చదువు, మహిళా శిశు సంక్షేమం, నైపుణ్య శిక్షణ, పారిశుధ్యం వంటి ప్రాధాన్య పనులకు పోవాలి. గని నుంచి 15 కిలోమీటర్లలోపు ప్రాంతాన్ని నేరుగా దెబ్బతిన్న ప్రాంతంగా లెక్కిస్తారు. సర్వే చేసి ఐదేళ్ల ప్రణాళిక వేయాలని కూడా ఉంది. మీ గేటు లెక్క, నీళ్ల పట్టిక అక్కడ పనికొస్తాయి. సర్వే చేసుకొని వచ్చిన ఊళ్ల గుంపును పక్కన పెట్టడం ఏ అధికారికీ తేలిక కాదు.

మూసివేత కోసం గని యజమాని ముందే డబ్బు దాచాలి. 2009 నుంచి ఈ నియమం ఉంది, కేంద్ర బొగ్గు శాఖ అధికారి అయిన కోల్ కంట్రోలర్‌తో కలిపి ఎస్క్రో ఖాతాలో (ఆ పనికి తప్ప తీయడానికి వీల్లేని ఖాతాలో) వేస్తారు. గుంతలు చదును చేయడం, మట్టి గుట్టల మీద చెట్లు పెంచడం, కంచె కట్టడం వంటివి దీంతో చేయాలి. ఆ ప్రణాళికలో మీ ఊరికి ఏమేం రాసి ఉందో చదవండి. చదవనివాళ్లకు సుబాబుల్ మొక్కలే మిగులుతాయి.

సీఎస్ఆర్ (కంపెనీలు సమాజం కోసం పెట్టాల్సిన ఖర్చు) అందరికీ తెలుసు, మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం. ఆర్థిక సంఘం నిధులు, సొంత పన్నులు ఉన్నాయి. ప్రజా ప్రణాళిక ప్రచారంలో ఏటా రాసే గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో మీ గుంపు పనులను అన్ని పంచాయతీలూ ఒకే మాటల్లో రాయాలి. ఒక ఊరు "నైపుణ్య కేంద్రం" అని, ఇంకో ఊరు "కుట్టు శిక్షణ" అని రాస్తే కంప్యూటర్‌లో అవి రెండు పనులు. పేరు, చోటు, ఏడాది ఒకటే ఉండాలి.

కొత్త కరెంటు ఏమిస్తుంది, ఏమివ్వదు

సోలార్ మీద నాకు గౌరవం ఉంది, ఆశ కూడా ఉంది. కానీ ఊళ్లకు నిజం చెప్పాలి. సోలార్ ప్లాంటు కట్టేటప్పుడు మనుషులు కావాలి. కట్టాక ప్యానెళ్లు కడిగేవాళ్లు, కాపలా, కొద్దిమంది టెక్నీషియన్లు చాలు. రామగుండం తేలే సోలార్ దాదాపు ఐదు వందల ఎకరాల నీటి మీద పరుచుకుంది, దాన్ని నడపడానికి బొగ్గు బాయికి కావాల్సినంత మంది అక్కర్లేదు. "బాయి పోతే సోలార్ వస్తుంది, పని దొరుకుతుంది" అని ఎవరైనా అంటే "ఎంతమందికి, ఎన్నేళ్లు, ఏ ఊరోళ్లకు" అని మూడు ప్రశ్నలు వేయండి. జవాబు అంకెల్లో రాసివ్వమనండి.

లాభం ఇంకో చోట ఉంది. సోలార్ యజమానులుగా ఊరివాళ్లు ఉండాలి. మహిళా సంఘాలతో 1000 మెగావాట్ల సోలార్ ప్లాంట్లు పెట్టించాలని రాష్ట్ర ప్రభుత్వం అనుకుంది. మీ గ్రామైక్య సంఘానికి భూమి చూపించే పని పంచాయతీది. సబ్‌స్టేషన్‌కు దగ్గరగా, రాళ్ల భూమి చూడండి. పంట పొలం ఇవ్వకండి. ఒక మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు పడుతుంది. సబ్‌స్టేషన్‌లో చోటు ఉందా లేదా ముందు ఏఈని అడగండి, లేకపోతే భూమి చూసి ఏం లాభం లేదు. ఇళ్ల మీద పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. పంచాయతీ భవనం, బడి, నీళ్ల మోటారు సోలార్ మీద పడితే నెలనెలా బిల్లు తగ్గుతుంది. ఆ మిగిలిన సొమ్ము గని పోయాక తగ్గే పన్నుకు కొంత ఆసరా.

గుంతల్ని కూడా చూడండి. రామగుండంలో మేడిపల్లి ఓసీపీ గుంతను నీటిని ఎత్తిపోసి కరెంటు తీసే పంప్డ్ స్టోరేజీకి వాడాలని సింగరేణి ప్రతిపాదించింది. అట్లాంటిది మీ దగ్గర పడకపోయినా, గుంతలో చేరే నీటిని పరీక్ష చేయించి చేపలకు, పశువులకు పనికొస్తుందేమో తేల్చుకోండి. మత్స్యకార సంఘం పేరు మూసివేతకు ముందే కాగితం మీద ఉండాలి.

బాయిలో పనిచేసినవాళ్లకు చేతి పనులు ఎన్ని తెలుసో ఊరికి తెలియదు. పంపు ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, హాలేజీ నడిపినవాడు, వెల్డర్, రెస్క్యూలో శిక్షణ పొందినవాడు. వాళ్ల జాబితా రాయండి. మిషన్ భగీరథ మోటార్లు బాగుచేయడానికి మనిషి దొరకడం లేదని బాధపడే మండలాల్లో, రిటైరైన పంపు ఫిట్టర్లు అరుగుల మీద కూర్చొని ఉంటారు.

రూర్ గురించి ఒక మాట. జర్మనీలోని ఆ బొగ్గు ప్రాంతంలో పట్టణాలు, ఊళ్లు కలిసి 1920లో ఉమ్మడి ప్రణాళిక సంఘం పెట్టుకున్నాయి. సింగరేణి కాలరీస్ అనే పేరు వచ్చింది కూడా 1920లోనే. ఇప్పుడు ఆ సంఘంలో 53 స్థానిక సంస్థలు ఉన్నాయి. చివరి బొగ్గు బాయి 2018 డిసెంబర్‌లో మూసేసరికి వాళ్లకు తొంభై ఎనిమిదేళ్ల కలిసి కూర్చునే అలవాటు ఉంది. ఎంషర్ అనే నది మురికి కాలువలా మారితే, దాన్ని ఊళ్లన్నీ కలిసి దశాబ్దాలు శుభ్రం చేసి, 2022 నాటికి మురుగు పడకుండా చేశారు. ఏ ఒక్క ఊరికీ ఆ నది శుభ్రం చేయడం సాధ్యమయ్యేది కాదు. మన దగ్గర వంద ఏళ్ల సమయం లేదు, అందుకే ఈ ఏడాదే మొదలుపెట్టమంటున్నాను.

గ్రామసభ, తీర్మానం

మన 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టమంటుంది. గుంపులోని అన్ని ఊళ్లూ ఒకే వారంలో సభ పెట్టి, ఒకే తీర్మానం చేయాలి. షిఫ్టు చూసుకొని సాయంత్రం ఐదు తర్వాత పెట్టండి, ఆడవాళ్లు వంట మొదలుపెట్టకముందే ముగించండి. పొద్దున పదకొండింటికి పెడితే పింఛన్ల కోసం వచ్చినవాళ్లే ఉంటారు.

తీర్మానం ఇట్లా రాయొచ్చు: "మా గ్రామ పరిధిలోని గని మూసివేతకు సంబంధించి, (ఊళ్ల పేర్లు) గ్రామ పంచాయతీలు, (పేరు) మున్సిపాలిటీ కలిసి తయారుచేసిన సంయుక్త పనుల జాబితాను ఈ సభ ఆమోదిస్తోంది. గని నీటి సరఫరా ఆగడానికి రెండేళ్ల ముందే ప్రత్యామ్నాయ ఏర్పాటు పూర్తి చేయాలని, గేటు లెక్కలో నమోదైన చిరు వ్యాపారులను నైపుణ్య శిక్షణ, రుణ పథకాల్లో మొదటి వరుసలో చేర్చాలని, జాబితాలోని పనులను జిల్లా ఖనిజ నిధి ఐదేళ్ల ప్రణాళికలో చేర్చాలని కోరుతోంది." కింద సంతకాలు, వేలిముద్రలు. ఫొటో తీయండి.

అన్ని తీర్మానాలు ఒక్క ఫైల్‌లో పెట్టి కలెక్టర్‌కు, జిల్లా పంచాయతీ అధికారికి, గని జనరల్ మేనేజర్‌కు ఒకే రోజు ఇవ్వండి. రాజ్యాంగంలోని 243 జెడ్‌డీ అధికరణం కింద ఊళ్ల, పట్టణాల ప్రణాళికలను కలిపే జిల్లా ప్రణాళిక కమిటీకి కూడా ఒక కాపీ వెళ్లాలి. ఏటా దసరాకు సింగరేణి కార్మికులకిచ్చే లాభాల వాటా పడిన మరుసటి నెలలో గుంపు మళ్లీ కూర్చోవాలి. ఆ నెలలో కాలనీలో అందరూ ఉంటారు, మాట వినే మనసు కూడా ఉంటుంది. గేటు లెక్క మళ్లీ తీయండి, పోయిన ఏటితో పోల్చండి. చాయ్ అమ్మే పెద్దమ్మ గేటు దగ్గరే ఉందా, ఇంకెక్కడికైనా మారిందా అని చూసి రాయండి.

ఇక సోమవారం పొద్దున చేయాల్సింది ఒక్కటే. తెల్ల కాగితం మీద పైన చెప్పిన మూడు పత్రాల పేర్లు రాసి, గని ఉన్న ఏరియా ఆఫీసు సమాచార అధికారి పేరు మీద దరఖాస్తు పెట్టండి. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. రశీదు మాత్రం సర్పంచి జేబులో ఉంచకుండా, పంచాయతీ ఆఫీసులో కొత్త ఫైల్ తెరిచి దాని మొదటి పేజీకి గుచ్చండి.